తూముకు అడ్డుపెట్టిన గోనెసంచి

అనగనగా కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ చిట్టచివర ఒక ఊరు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట లేచాక ఆ ప్రాంతమంతా మాగాణి అయింది గానీ, శివారు భూములకు నీళ్లందడం మాత్రం ఏటా గండమే. పై ఊళ్లు తడుపుకోగా మిగిలిందే కింది ఊళ్లకు. అందుకని నీళ్లకు వంతులుండేవి. ఎవరి వంతు ఏ రాత్రో, ఎన్ని గంటలో పెద్దలు కూర్చుని తేల్చేవారు. ఆ మాట ఎవరూ జవదాటేవారు కాదు.

ఆ ఊళ్లో ఒక లూథరన్ గుడి ఉండేది. 1842లో అమెరికా సంఘాలు పంపగా గుంటూరు వచ్చిన హయ్యరు అనే గురువు మొదలుపెట్టిన పని ఊరి నుంచి ఊరికి పాకి, కాలువ వెంబడి అక్కడిదాకా చేరింది. ఆ గుడికి కొత్తగా ఒక గురువు వచ్చారు. వయసులో చిన్నవారు కాబట్టి ఊరంతా ఆయన్ని చిన్న అయ్యగారు అనేవారు. ఆయన మంచి మాటకారి. పెళ్లింట్లో నవ్వించగలరు, చావింట్లో కన్నీళ్లు తెప్పించగలరు. ఆరాధన క్రమం పుస్తకాన్ని ఆదివారం పూట బల్ల మీద తెరిచేవారు, ఆరాధన అయ్యాక బీరువాలో పెట్టి తాళం వేసేవారు. కష్టంలో ఉన్న మనిషికి అచ్చు పుస్తకంలోంచి చదివి వినిపించడం ఆయనకు మనసొప్పేది కాదు. ఎవరి కష్టం వాళ్లది, దానికి తగ్గ మాట గుండెలోంచి అప్పటికప్పుడు పుట్టాలని ఆయన నమ్మకం.

ఆ సంఘంలో ఇద్దరు కౌలు రైతులు గట్టు పక్క గట్టు చేసుకునేవారు. ఒకరి నాట్లకు ఇంకొకరు వెళ్లేవారు. ఒక ఏడు కాలువకు నీళ్లు బాగా తగ్గాయి. సార్వా వరి పొట్ట మీద ఉంది. ఆ అదనులో తడి తప్పితే గింజ పట్టదు. రెండు రాత్రుల వంతు మొదటి రైతుది. అతనికి జ్వరం. వంతు తనదే కదా, నీళ్లు వాటంతట అవే పారతాయి కదా అని ధీమాగా పడుకున్నాడు. రెండో రైతుకు నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి లేచి, గోనెసంచిలో గడ్డీ బురదా కుక్కి, పక్కవాడి తూముకు అడ్డంపెట్టి, మడవ తన చేలోకి తిప్పుకున్నాడు. తెల్లవారకముందే సంచి లాగేసి, పంటబోదెలో కడిగి, ఇంటికి తెచ్చి చూరులో దోపాడు. మర్నాడు రాత్రి కూడా అంతే చేశాడు.

జ్వరం తగ్గి లేచిన రైతు బీటలు తీసిన చేను చూశాడు. పై ఊరివాళ్లే తన నీళ్లు తీసుకున్నారనుకుని వాళ్లతో తగవు పడ్డాడు. లస్కరుతో తగవు పడ్డాడు. ఆ తగవుల్లో రెండో రైతు అతని పక్కనే నిలబడ్డాడు గానీ నోరు మెదపలేదు. పంట తాలు పోయింది. తాలు పోయినా కౌలు కట్టాలి, ఎరువుల కొట్టు బాకీ తీర్చాలి. మొదటి రైతు చేను వదిలేసి హైదరాబాదు వెళ్లి, కడుతున్న భవనం దగ్గర కాపలాకు కుదిరాడు. ఏడాది తిరక్కుండానే గుండెనొప్పితో పోయాడు. శవాన్ని ఊరికి తెచ్చారు. పెట్టె మోసినవాళ్లలో రెండో రైతు ఒకడు.

ఆనాటి నుంచి అతనికి తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. ఎవరికీ ఏమీ తెలియదు. చిన్న అయ్యగారు మాత్రం ఒక సంగతి గమనించారు. నెలకోసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఇచ్చేవారు. తెల్లగుడ్డ తీసి రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేసే సమయానికి ఆ రైతు వెనక వరసలోంచి లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా బయటికి వెళ్లిపోయేవాడు. ఒక నెల అయింది. రెండో నెలా అలాగే వెళ్లాడు. మూడో నెల చిన్న అయ్యగారు అతని ఇంటికి వెళ్లారు.

రైతు చాలాసేపు చూరుకేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి, ఎవరో ఎప్పుడో చేసిన పని చెబుతున్నట్టు ఆ కథంతా చెప్పాడు. చిన్న అయ్యగారికి అర్థమైంది, జాలేసింది. ఆ ఏడు కాలువకే నీళ్లు లేవని, అప్పులు అంతకుముందు నుంచే ఉన్నాయని, గుండెనొప్పికీ తూముకూ ముడిపెట్టకూడదని, అంతా తన నెత్తిన వేసుకోవడం ఎవరికీ తగదని నెమ్మదిగా, ప్రేమగా వివరించారు. చెప్పినవన్నీ నిజాలే. రైతు తలూపాడు, గుమ్మందాకా వచ్చి సాగనంపాడు. వచ్చే మొదటి ఆదివారం మళ్లీ చెప్పులు చేతపట్టుకుని లేచిపోయాడు.

చిన్న అయ్యగారు ఈసారి బైబిలు పట్టుకెళ్లారు. క్షమాపణ గురించి పాత నిబంధనలోనూ కొత్త నిబంధనలోనూ ఉన్న చోట్లన్నీ వెతికి గుర్తులు పెట్టుకున్నారు. ఒకదాని వెంట ఒకటి చదువుతూ, ప్రతిదానికీ వివరణ చెబుతూ గంటకు పైగా కూర్చున్నారు. గట్టిపడిన నేల మీద ఒక్కసారిగా పారించిన నీళ్లలా ఆ మాటలన్నీ పైపైనే జారిపోయాయి. రైతు మళ్లీ తలూపాడు. ఆదివారం మళ్లీ లేచిపోయాడు.

మూడోసారి ఆయన వివరణలు మాని ప్రార్థనకు దిగారు. మోకాళ్ల మీద కూర్చుని, గొంతెత్తి, ఆ ఇంటి కోసం, ఆ మనిషి కోసం చాలాసేపు ప్రార్థన చేశారు. చేస్తూ చేస్తూ తానే వెక్కివెక్కి ఏడ్చారు. రైతు లేచి ఆయనకు మంచినీళ్లిచ్చి, వీపు నిమిరి, తన గురించి అంత బాధపడవద్దని ఆయన్నే ఓదార్చాడు.

పక్క ఊళ్లో, కూతురింట్లో, పని విరమించిన పెద్ద అయ్యగారు ఉండేవారు. చూపు మందగించింది గానీ జ్ఞాపకం చెక్కుచెదరలేదు. చిన్న అయ్యగారు ఆయన దగ్గరికి వెళ్లి, పేరు చెప్పకుండా, ఊరు చెప్పకుండా, ఒక మనిషికి ఎంత చేసినా ఓదార్పు కలగడం లేదని మొరపెట్టుకున్నారు. పెద్ద అయ్యగారు ఎవరని అడగలేదు, ఏం చేశాడని అడగలేదు. చిన్న అయ్యగారు ఏం చేశారని మాత్రం అడిగారు. మొత్తం విని, మొదటిసారి అతనికి వకీలయ్యారని, రెండోసారి పంతులయ్యారని, మూడోసారి అతని చేతే సేవ చేయించుకున్నారని, గురువుగా మాత్రం ఇంకా వెళ్లలేదని చెప్పారు. ఆ మనిషి తాను తప్పు చేశానని చెబుతుంటే, తప్పేమీ లేదని కొట్టిపారేస్తే, ఆ తప్పుతో అతన్ని ఒంటరిగా వదిలేసినట్టేనన్నారు. చేయలేదని తేల్చేసిన పాపానికి క్షమాపణ ఎవరివ్వగలరని అడిగారు.

తర్వాత ఆయన తమ సంఘం పేరుకు మూలమైన లూథరు సంగతి చెప్పారు. 1522 మార్చిలో లూథరు విట్టెన్‌బర్గులో వరసగా ఎనిమిది రోజులు ప్రసంగించాడు. ఎనిమిదో రోజు ప్రసంగం ఒప్పుకోలు గురించే. దాన్ని ఎవరి మీదా చట్టంగా రుద్దకూడదన్నాడు, అయినా లోకంలోని సంపదంతా ఇచ్చినా తాను మాత్రం దాన్ని వదులుకోనన్నాడు. 1527 జూలైలో జబ్బుతో, అంతకు మించిన దిగులుతో కుంగిపోయినప్పుడు, ఆ ఊరి గురువు బుగెన్‌హాగెన్‌ను పిలిపించుకుని, ఏ సామాన్యుడో చేసినట్టే, పాపాలు ఒప్పుకుని క్షమాపణ మాట చెప్పించుకున్నాడు. ఎన్నో పుస్తకాలు రాసిన మనిషికి క్షమాపణ గురించి తెలియక కాదు. తెలిసిన మాటే అయినా, తన నోటితో తనకు తాను చెప్పుకుంటే చాలలేదు. ఇంకొకరి నోటి నుంచి, దేవుని పేరిట, తన చెవిన పడాలి.

ఆ అనుభవాన్నే లూథరు చిన్న ప్రశ్నోత్తరిలో పెట్టాడని పెద్ద అయ్యగారు చెప్పారు. 1529లో వచ్చిన ఆ చిన్న పుస్తకంలో ఒప్పుకోలు క్రమం చేరింది, 1531 ముద్రణలో దాన్ని మార్చి రాశాడు. అందులో ఉన్నవి రెండే భాగాలు: మనిషి తన పాపం ఒప్పుకోవడం, గురువు చెప్పే క్షమాపణను దేవుడే చెప్పినట్టు అందుకోవడం. పాపాలన్నీ లెక్కపెట్టి అప్పజెప్పనక్కర్లేదు, గుండెలో గుచ్చుకున్నది చెబితే చాలు. 1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రకటన కూడా పదకొండో అధికరణంలో ఇదే చెబుతుంది. చిన్న అయ్యగారికి ఆ ప్రశ్నోత్తరి కొత్తేమీ కాదు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన ఆయన ఏటా పిల్లలకు వల్లె వేయించేవారు. బాప్తిస్మానికీ ప్రభువు బల్లకూ మధ్యనున్న ఆ కొద్ది పేజీలను మాత్రం దాటవేసేవారు.

ఆయన తిరిగొచ్చి బీరువా తాళం తీశారు. రైతుకు కబురు పెట్టి, పొద్దుగూకాక గుడికి రమ్మన్నారు, బలవంతం లేదన్నారు. రైతు వచ్చాడు. గుడిలో ఒక్క దీపం వెలిగించి ఉంది. బల్ల దగ్గర రెండు కుర్చీలు, ఎదురెదురుగా కాకుండా, పక్కపక్కన ఉన్నాయి. ఇక్కడ చెప్పింది ఈ గోడలు దాటదని, తన భార్యకు కూడా తెలియదని చిన్న అయ్యగారు ముందే మాటిచ్చారు. తర్వాత పుస్తకం తెరిచి, ఆ క్రమంలోని మొదటి మాటలు చదివి, రైతు చెప్పాల్సిన చోట ఆగిపోయారు.

ఆ చోట ఎవరో చేసిన కథ చెప్పడానికి వీల్లేదు. నేను అని మొదలుపెట్టాలి. రైతు మొదలుపెట్టి ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాడు. చిన్న అయ్యగారికి ఎన్నో మాటలు నాలుక దాకా వచ్చాయి, కానీ అక్కడ ఆయన చెప్పాల్సింది ఏమీ లేదు. వినడమే ఆయన పని. రైతు గోనెసంచి గురించి చెప్పాడు, రెండు రాత్రుల గురించి చెప్పాడు, తగవులో పక్కన నిలబడి నోరు మూసుకున్న సంగతి చెప్పాడు. పెట్టె మోసినప్పటి సంగతి చెప్పాడు. అన్నిటికంటే చివరగా, మొదటిసారి చిన్న అయ్యగారు తప్పేమీ లేదన్నప్పుడు, ఇక తనకు దారే లేదనిపించిందని చెప్పాడు.

అప్పుడు చిన్న అయ్యగారికి ఇంకో ఆలోచన వచ్చింది. ముందు వెళ్లి, పోయిన రైతు భార్యకు, ఆ విధవరాలికి, నిజం చెప్పి, నష్టం కట్టి, ఆ తర్వాత రమ్మందామా అనుకున్నారు. న్యాయంగానే తోచింది. పుస్తకం వైపు చూశారు. ఒప్పుకోలుకూ క్షమాపణకూ మధ్య అలాంటి షరతు ఏదీ లేదు. క్రీస్తు వెల చెల్లించి తెచ్చిన దానికి మళ్లీ వెల కట్టే అధికారం గురువుకు లేదని ఆయనకు ఆ క్షణాన తెలిసింది. తన మెత్తదనంతో పాపాన్ని తగ్గించడానికి ఆ క్రమం ఎలా ఒప్పుకోలేదో, తన న్యాయబుద్ధితో క్షమాపణను తగ్గించడానికీ అలాగే ఒప్పుకోలేదు.

తాను చెప్పబోయే క్షమాపణ దేవుని క్షమాపణేనని నమ్ముతున్నావా అని అడిగారు. రైతు నమ్ముతున్నానన్నాడు. చిన్న అయ్యగారు లేచి, అతని తల మీద రెండు చేతులూ ఉంచి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో క్షమాపణ మాట చెప్పారు. చిన్న మాటే. ఆయన సొంత మాట అందులో ఒక్కటీ లేదు. కనుకనే, రేపు ఆయన మనసు మారినా, ఆయన ఊరు మారినా, ఆ మాట మారదు.

భారం ఎక్కువగా మోసిన మనస్సాక్షికి ఇంకొన్ని లేఖనాలతో ధైర్యం చెప్పవచ్చని ప్రశ్నోత్తరి గురువుకే వదిలిపెట్టింది. చిన్న అయ్యగారు ఈసారి అన్ని చోట్లూ తిప్పలేదు. 32వ కీర్తన ఒక్కటి చదివారు. పాపాన్ని దాచుకున్నప్పుడు ఎముకలు క్షీణించిపోయాయని, ఒప్పుకున్నాక బరువు దిగిపోయిందని చెప్పే కీర్తన అది. రైతు దాన్ని ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి ప్రభువు ప్రార్థన చెప్పారు. మా రుణాలు క్షమించమని అడిగే చోట రైతు గొంతు పూడుకుపోయింది, చిన్న అయ్యగారి గొంతు అతని వంతు కూడా మోసింది. సమాధానంతో వెళ్లమని చెప్పి దీవించి పంపించారు.

వచ్చే మొదటి ఆదివారం బల్ల సిద్ధం చేస్తుంటే రైతు లేవలేదు. వరసలో నిలబడి, రెండు చేతులూ చాచి రొట్టె అందుకున్నాడు.

ఆ వారమే, ఎవరూ చెప్పకుండానే, అతను విధవరాలి ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాడు. ఆమె తలుపు వేసేసింది. పంట కోత అయ్యాక అతను కొన్ని బస్తాల ధాన్యం ఆమె అరుగు మీద దించాడు. ఆమె తిప్పి పంపింది. మరుసటి ఏడు మళ్లీ దించాడు. ఈసారి తిప్పి పంపలేదు. పలకరించనూ లేదు.

అలా ఉండగా ఆమె కొడుక్కి దిగులు జబ్బు పట్టుకుంది. పనికి వెళ్లడు, పలకడు, రోజంతా గోడకేసి తిరిగి పడుకుంటాడు. తెనాలిలో డాక్టరుకు చూపించి మందులు తెచ్చారు. ఆమె గుడికి వచ్చి ప్రార్థన చేయమని అడిగింది. చిన్న అయ్యగారు మందులు మానవద్దని గట్టిగా చెప్పి, పెద్ద అయ్యగారు ఒకసారి చెప్పిన సంగతి గుర్తుచేసుకున్నారు. 1545లో, దిగులుతో మతి చెదిరిన మనిషికి సాయం చేయమని కొందరు రాస్తే, లూథరు ఒక గురువుకు ఉత్తరం రాశాడు. ఒంటరిగా వెళ్లవద్దు, ఇద్దరు ముగ్గురు మంచివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లాలి, తల మీద చేయి ఉంచాలి, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన వినబడేలా చెప్పాలి, మూడు రోజులు వరసగా అలా చేయాలి, ఆ రోజుల్లో గుడిలో సంఘం కూడా ప్రార్థించాలి అని. విట్టెన్‌బర్గులో ఒక వడ్రంగికి తాము అలాగే చేశామని కూడా రాశాడు.

చిన్న అయ్యగారు ఒక సంఘ పెద్దను తీసుకుని బయల్దేరారు. ఆ వీధి మలుపులో రైతు నిలబడి ఉన్నాడు. రమ్మనడానికీ, వద్దనడానికీ ఆయనకు నోరు రాలేదు. గుమ్మంలో ఉన్న విధవరాలు ముగ్గురినీ చూసింది. లోపలికి వెళ్లి చాప పరిచింది. చాలదనుకుందేమో, ఇంకో చాప తెచ్చి పక్కన కలిపింది.

మొదటి రోజు కుర్రాడు గోడకేసే పడుకున్నాడు. రెండో రోజు ఇటు తిరిగాడు. మూడో రోజు ప్రభువు ప్రార్థన చివర అందరితో పాటు ఆమేన్ అన్నాడు. జబ్బు ఆ రోజుతో పోలేదు. మందులు నెలల తరబడి పడ్డాయి, చిన్న అయ్యగారు వారానికోసారి వెళ్లి అవే ప్రార్థనలు, అదే వరసలో చెబుతూ వచ్చారు. తర్వాతి సార్వాకు కుర్రాడు తండ్రి చేసిన చేను మళ్లీ కౌలుకు తీసుకున్నాడు. వాళ్ల వంతు వచ్చిన రాత్రి గట్టు మీద ఇద్దరు కాపలా ఉన్నారు, ఒకడు కుర్రాడు, ఇంకొకడు ఆ రైతు.

చిన్న అయ్యగారు ఆ తర్వాత కూడా మంచి మాటకారిగానే ఉన్నారు. కాకపోతే ఎవరి ఇంటికి వెళ్లినా ముందు వినేవారు, తర్వాత పుస్తకం తెరిచేవారు, సొంత మాట ఏదైనా ఉంటే చివర చెప్పేవారు. ఆయన బీరువాకు మళ్లీ తాళం వేయలేదు.

నీతి: గురువు జాలి ఎంత గొప్పదైనా అది గురువుదే, అలసిపోతుంది, పొరబడుతుంది. నలిగిన మనిషికి కావలసింది తన తప్పును తప్పని ఒప్పుకునే చోటు, దాన్ని క్షమించానని దేవుని పేరిట బయటి నుంచి వచ్చి చెవిన పడే మాట. సంఘం తరతరాలుగా దాచి అందించిన క్రమం, లేఖనం, ప్రార్థన ఉన్నది అందుకే, కాబట్టి గురువైనవాడు వాటిని ఆదివారానికి అట్టిపెట్టుకోకుండా, వినే చెవితో పాటు ప్రతి గుమ్మానికీ వెంటబెట్టుకుని వెళ్లాలి.